రక్తనాళాన్ని పట్టుకున్న సార్కోమా: కాలు నిలుపుకొనే దారుల్లో ఏది ఎవరికి?

తొడలోనో మోకాలి వెనుకో ఒక గడ్డ. బయాప్సీలో అది మృదు కణజాల సార్కోమా, అంటే కండరం, కొవ్వు లాంటి మెత్తని కణజాలంలో పుట్టే క్యాన్సర్ అని తేలింది. ఎంఆర్‌ఐ చూసిన డాక్టరు, గడ్డ పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని ఉందన్నారు. అసలు అయోమయం ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకరు కాలు తీసేయక తప్పదంటారు. మరొకరు నాళం మార్చి కాలు నిలబెట్టవచ్చంటారు. ఇంకొకరు ముందు రేడియేషన్ ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ సంగతి చూద్దామంటారు. ముగ్గురూ అనుభవజ్ఞులే. వినే ఇంటివారికి మాత్రం ఎటు అడుగు వేయాలో తోచదు.

సార్కోమాలు అరుదు. పెద్దవారిలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో వీటి వాటా సుమారు 1 శాతమే. పెద్ద నాళంతో చిక్కుపడిన సార్కోమా ఇంకా అరుదు కాబట్టి, చాలామంది సర్జన్లకు అలాంటి కేసు ఎప్పుడో ఒకసారి తప్ప ఎదురుకాదు. సలహాల మధ్య ఇంత తేడా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గడ్డ రక్తనాళాన్ని పట్టుకుందన్న ఒక్క కారణంతో కాలు తీసేయాలని ఎవరైనా చెబితే, సార్కోమాలు తరచుగా చూసే బృందం దగ్గర రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు. నాళాన్ని మార్చవచ్చు. స్పర్శనూ కదలికనూ నడిపే నాడిని మార్చడం చాలా కష్టం. పైన కప్పడానికి మంచి కండరమూ చర్మమూ లేకపోతే మార్చిన నాళమూ నిలవదు. కాలు నిలుస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఈ చివరి రెంటి మీదే ఆధారపడుతుంది.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కు ఉంది. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకడం లేదు" అంటాం. అక్కడ నరం అంటే సిర. "నరం నొక్కుకుపోయి కాలు తిమ్మిరెక్కింది" అంటాం. అక్కడ నరం అంటే నాడి. ఈ జబ్బులో ఈ రెంటికీ ఉన్న తేడా కాలు ఉండటానికీ పోవడానికీ ఉన్నంత తేడా కావచ్చు. డాక్టరు నోట "నరం" అన్న మాట వస్తే, గుండె నుంచి రక్తం తెచ్చే ధమనా, తిరిగి తీసుకెళ్లే సిరా, నాడా అని అక్కడికక్కడే అడగండి. ఈ వ్యాసంలో నరం అన్న మాట ఇక వాడను.

## ముందుగా తూచవలసినవి

మొదటిది ప్రాణం. కాలు తీసేస్తే ఎక్కువ కాలం బతుకుతామన్న నమ్మకం చాలామందిలో బలంగా ఉంది. దీన్ని నేరుగా పరీక్షించారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 1982లో ప్రచురించిన అధ్యయనంలో 43 మంది రోగులున్నారు. లాటరీ పద్ధతిలో 27 మందికి గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు, 16 మందికి ఆంప్యుటేషన్ చేశారు, అంటే కాలో చెయ్యో తీసేశారు. కాలో చెయ్యో నిలుపుకొన్నవారిలో నలుగురికి గడ్డ అదే చోట మళ్లీ వచ్చింది, రెండో వర్గంలో ఎవరికీ రాలేదు. అయినా బతికి ఉన్నవారి శాతంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకంటే ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్. ఆ పాకడం అప్పటికే మొదలై ఉంటే, కాలు తీసేసినా ఆగదు. అధ్యయనం చిన్నదే. కానీ అవయవాన్ని నిలుపుకొనే వైద్యం ప్రపంచమంతటా ప్రధాన మార్గం కావడంలో దానిది పెద్ద పాత్ర.

రెండోది అంచు. తీసిన గడ్డ చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలం ఎంత మేర వచ్చింది, సూక్ష్మదర్శినిలో దాని అంచున క్యాన్సర్ కణాలున్నాయా అన్నదే అదే చోట గడ్డ తిరగబెట్టడాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. నాళం పక్కనున్న గడ్డకు ఆ వైపు అంచు సహజంగానే పలచన. కింద చెప్పే దారులన్నీ నిజానికి ఆ ఒక్క పలుచని చోటును ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్నకు వేర్వేరు జవాబులు.

మూడోది, మిగిలే కాలు చేసే పని. నాలుగోది, గాయం మానడం. ఈ నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత నెలల తరబడి బాధపెట్టేది మాత్రం ఎక్కువగా అదే.

| దారి | ఎప్పుడు పనికొస్తుంది | ప్రధాన లాభం | చెల్లించే మూల్యం |
|---|---|---|---|
| నాళాన్ని ఉంచి గడ్డను ఒలవడం | గడ్డ నాళాన్ని తాకుతోంది, చుట్టేయలేదు | సొంత నాళం నిలుస్తుంది, ఆపరేషన్ చిన్నది | ఆ వైపు అంచు చాలా పలచన. రేడియేషన్ తోడు కావాలి |
| నాళంతో సహా తీసి గ్రాఫ్ట్ (బదులు నాళం) వేయడం | గడ్డ నాళాన్ని చుట్టేసింది, లేదా నాళం గోడలోనే పుట్టింది | గడ్డ చెదరకుండా మొత్తం వస్తుంది | గాయం, వాపు, గ్రాఫ్ట్ మూసుకుపోయే ముప్పు |
| ముందు రేడియేషన్, కీమో లేదా అవయవానికే మందు | గడ్డ పెద్దది, అంచు దొరకడం కష్టం | ఆపరేషన్ సులువు కావచ్చు | సమయం. గాయం మానడంలో చిక్కులు |
| ఆంప్యుటేషన్ | ముఖ్య నాడులు, కండరాలు, చర్మం కలిసి పోయినప్పుడు | అదే చోట తిరగబెట్టే అవకాశం బాగా తక్కువ | అవయవం |

## నాళాన్ని ఉంచి గడ్డను ఒలవడం

ధమని గోడకు మూడు పొరలుంటాయి. అన్నిటికన్నా బయటి పొర వదులుగా, పీచులా ఉంటుంది. గడ్డ ఆ పొరను తాకి ఆగిపోతే, లోపలి రెండు పొరలనూ అలాగే ఉంచి పైపొరను గడ్డతో పాటు తీసేయవచ్చు.

సర్జన్ ముందు గడ్డకు పైన, కింద, ధమని మామూలుగా ఉన్న చోట్లను వెతికి, దాని చుట్టూ మెత్తని రబ్బరు పట్టీలు వేస్తారు. పొరపాటున నాళం తెగితే క్షణంలో బిగించడానికి అవి ఆధారం. తర్వాత గడ్డకు ఎదురువైపు నుంచి ధమని పైపొరను నిలువునా చీల్చి, కరెంటు తీగ తొడుగును విప్పినట్టు గడ్డ వైపు ఒలుచుకుంటూ వస్తారు. దారిలో కనిపించే చిన్న చిన్న కొమ్మలను ఒక్కొక్కటిగా ముడివేస్తారు. పని పూర్తయ్యేసరికి పొర తొలగిన ధమని గాయంలో కొట్టుకుంటూ కనిపిస్తుంది. పొర మాత్రం గడ్డకు అంటుకుని బయటికి వస్తుంది.

స్కానులో గడ్డ నాళం చుట్టుకొలతలో సగం కన్నా తక్కువ భాగాన్ని తాకుతుంటే ఈ దారికి అవకాశం ఎక్కువ. సగం దాటి చుట్టుకుంటే తక్కువ. అయితే స్కాను పొరబడుతుంది కూడా. గడ్డ చుట్టూ చేరే వాపు నీరు గడ్డలాగే కనిపించవచ్చు. అసలు సంగతి కోసి చూసినప్పుడే తేలుతుంది కనుక, ఒలవడానికే సిద్ధమైన ఆపరేషన్‌లో కూడా నాళం మార్చగల సర్జన్ అందుబాటులో ఉండాలి. ఈ ఏర్పాటు ఉందా అని ముందే అడగండి. లేదంటే నేనైతే అక్కడ ఆపరేషన్‌కు ఒప్పుకోను.

ఈ దారిలో అతి పెద్ద తప్పు, నాళాన్ని కాపాడాలన్న తాపత్రయంలో గడ్డలోకి కోసుకుపోవడం. గడ్డ చిట్లితే క్యాన్సర్ కణాలు గాయమంతా చిందుతాయి. నాళం కోసం గడ్డను చీల్చాల్సి వచ్చేటట్టుంటే, నాళాన్నే వదులుకోవాలి.

## నాళంతో సహా తీసి, కొత్తది వేయడం

గడ్డ ధమనిని పూర్తిగా చుట్టేసినా, సిర గోడలోని నునుపు కండరంలోనే పుట్టిన లియోమయోసార్కోమా లాంటిదైనా, నాళం ముక్కను గడ్డలోనే ఉంచి మొత్తం ఒక ముద్దగా తీస్తారు. ఆ ఖాళీని గ్రాఫ్ట్‌తో పూడుస్తారు. ఇక్కడ రెండు చిన్న ఎంపికలుంటాయి, రెండూ ముఖ్యమైనవే.

సొంత సిరా, కృత్రిమ గొట్టమా? చీలమండ నుంచి గజ్జ దాకా చర్మం కిందుగా సాగే సఫీనస్ సిరను గ్రాఫ్ట్‌గా వాడతారు. దాన్ని సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న కాలి నుంచే తీస్తారు. గడ్డ ఉన్న కాలిలో లోతు సిర పోతే, రక్తం పైకి చేరడానికి ఆ సఫీనస్ సిరే దారి కావచ్చు. మంచి కాలి మీద కోత ఎందుకని కంగారుపడేవారికి ఇదే జవాబు. సిరలో రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే కవాటాలుంటాయి కాబట్టి ధమని స్థానంలో వేసేటప్పుడు మామూలుగా దాన్ని తలకిందులు చేసి కుడతారు. సిర సన్నగా ఉన్నా, ఇదివరకే తీసేసి ఉన్నా పీటీఎఫ్‌ఈ (ఒక రకం ప్లాస్టిక్) లేదా పాలిస్టర్ గొట్టం వాడతారు. గొట్టం వేయడం త్వరగా అవుతుంది, కావలసిన లావులో దొరుకుతుంది. కానీ దానికి ఇన్‌ఫెక్షన్ సోకితే మందులతో వదలడం కష్టం, చాలాసార్లు తీసేయాల్సి వస్తుంది. రేడియేషన్ పడిన గాయంలో, పెద్ద గుంత మిగిలే చోట, సొంత సిర దొరుకుతుంటే నా ఓటు సిరకే.

ధమనితో పాటు సిరను కూడా మార్చాలా? తొడలోని ప్రధాన ధమనిని తీస్తే మార్చి తీరాలి, లేకపోతే కాలే పోతుంది. సిర విషయంలో సర్జన్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. మార్చిన సిరలో రక్త ప్రవాహం నెమ్మది, అందువల్ల ధమని గ్రాఫ్ట్ కన్నా సిర గ్రాఫ్ట్ తరచుగా మూసుకుపోతుంది. మార్చకపోతే కాలు వాచే ముప్పు ఉంది. గడ్డ ఆ సిరను నెలల తరబడి నొక్కి అప్పటికే మూసేసి ఉంటే, శరీరం పక్కదారులు తెరుచుకుని ఉంటుంది. అప్పుడు సిరను వదిలేసినా పెద్ద తేడా రాకపోవచ్చు. పక్కదారులు కూడా గడ్డతో పాటు పోతున్నప్పుడు మాత్రం మార్చే ప్రయత్నం చేయడం మేలు.

మోకాలి కింద కథ వేరు. అక్కడ మూడు ధమనులుంటాయి, మోచేతి కింద రెండు ముఖ్యమైనవి. ఒకటి పోయినా మిగిలినవి బాగుంటే గ్రాఫ్టే అవసరం లేకపోవచ్చు. నిర్ణయం ముందు, రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాను తీయడానికి ఇదీ ఒక కారణం.

గ్రాఫ్ట్ కుట్టడంతో పని అయిపోదు. దాని మీద మంచి కండరం పరచుకోవాలి. పక్కనున్న కండరాన్ని తిప్పి కప్పడమో, వీపు నుంచో పొట్ట నుంచో కండరాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి అతకడమో ప్లాస్టిక్ సర్జన్ చేస్తారు. కప్పు లేని గ్రాఫ్ట్ మీద గాయం విచ్చుకుంటే అది చీలి భారీగా రక్తస్రావం కావచ్చు.

ఆపరేషన్ రాత్రి వార్డులో నర్సు కొద్దికొద్ది సేపటికి వచ్చి పాదం వెచ్చగా ఉందా అని చేత్తో చూస్తారు. తర్వాత డాప్లర్ పరికరం మొనను పాదం మీద ఆనించి వింటారు. గాలి విసురులా, గుండె లయతో "హుష్, హుష్" అన్న చప్పుడు వస్తే గ్రాఫ్ట్ పనిచేస్తున్నట్టు. పక్కన కూర్చున్నవారు ఆ చప్పుడును గుర్తుపట్టడం నేర్చుకుంటే మంచిది. పాదం చల్లబడినా, పాలిపోయినా, ఒక్కసారిగా నొప్పి పెరిగినా తెల్లవారేదాకా ఆగకూడదు. గ్రాఫ్ట్ మూసుకుపోతే గంటల్లో తెరవాలి.

## ముందు గడ్డను లొంగదీసి, తర్వాత కోయడం

దీన్ని పై రెండు దారులకు పోటీగా చూడకండి. ఇది వాటికి తోడు. అసలు ప్రశ్న రేడియేషన్ ఎప్పుడన్నదే.

ఆపరేషన్‌కు ముందా, తర్వాతా అన్నది కెనడాలో 190 మంది మీద పోల్చి చూశారు. ఫలితాలు 2002లో వచ్చాయి. ముందు ఇచ్చినవారికి 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం), తర్వాత ఇచ్చినవారికి 66 గ్రే. ముందు రేడియేషన్ తీసుకున్నవారిలో 35 శాతం మందికి గాయం మానడంలో పెద్ద చిక్కులొచ్చాయి, తర్వాత తీసుకున్నవారిలో 17 శాతం మందికి. ఈ అంకెలు చూసి తర్వాతే మంచిదని తేల్చేయకండి. తర్వాత ఇచ్చే రేడియేషన్ మోతాదు ఎక్కువ, అది పడే చోటు పెద్దది. కండరం గట్టిపడటం, కీళ్లు బిగుసుకోవడం, వాపు లాంటివి కాలక్రమంలో దానితోనే ఎక్కువ. గాయం చిక్కు నెలల్లో తీరుతుంది, బిగుసుకున్న కీలు జీవితాంతం ఉంటుంది. నాళాన్ని ఒలవాలనుకునే గడ్డలో ముందు ఇవ్వడానికి మరో బలమైన కారణముంది. ఆ పలుచని అంచున మిగలగల కణాలను రేడియేషన్ ముందే దెబ్బతీసి ఉంచుతుంది. అందుకే నేను చాలా సందర్భాల్లో ముందు వైపే మొగ్గుతాను. మధుమేహం ఉన్నవారు, పొగతాగేవారు, పైన చర్మం అప్పటికే పాడైనవారు మాత్రం దీని గురించి బృందంతో ప్రత్యేకంగా మాట్లాడాలి.

కీమో అందరికీ కాదు. డాక్సోరుబిసిన్, ఐఫోస్ఫమైడ్ మందులకు సైనోవియల్ సార్కోమా లాంటి కొన్ని రకాలు బాగా స్పందిస్తాయి, చాలా రకాలు అంతగా స్పందించవు. మిక్సాయిడ్ లైపోసార్కోమా రేడియేషన్‌కే బాగా కుదించుకుపోతుంది. కాబట్టి బయాప్సీ నివేదికలో రకం పేరు రాసి ఉందో లేదో చూడండి. ఉత్త "సార్కోమా" అని ఉంటే ఆ నివేదిక ఇంకా పూర్తి కానట్టే.

మూడోది తక్కువ చోట్ల మాత్రమే దొరికే పద్ధతి. కాలి మొదట్లో ధమనినీ సిరనూ గుండె ఆపరేషన్లలో వాడే పంపు లాంటి యంత్రానికి కలిపి, శరీరం నుంచి ఆ కాలి రక్తప్రసరణను వేరుచేస్తారు. కాలిని కొద్దిగా వేడి చేసి, మెల్ఫలాన్, టీఎన్‌ఎఫ్ అనే మందులను అందులోనే తిప్పి, కడిగేసి, ప్రసరణను తిరిగి కలుపుతారు. శరీరమంతటికీ ఇస్తే తట్టుకోలేని మోతాదు కాలికి మాత్రం ఇవ్వవచ్చు. మిగిలిన గడ్డను కొన్ని వారాల తర్వాత తీస్తారు. ఐరోపాలో 186 మంది మీద జరిగి 1996లో వెలువడిన అధ్యయనంలో 82 శాతం మందికి అవయవం నిలిచింది. ఇక ఆంప్యుటేషనే అన్న దశకు చేరినవారు, దానికి ముందు ఈ పద్ధతి తమకు పనికొస్తుందేమో ఒకసారి అడగాలి.

## ఆంప్యుటేషన్

దీన్ని ఓటమిగా చూడటం నాకు నచ్చదు. కొందరికి ఇదే మంచి వైద్యం.

నాళంతో పాటు తొడ వెనుక సాగే సయాటిక్ నాడి పోతే పాదం పైకి లేవదు, అరికాలికి స్పర్శ తెలియదు. అయినా మోకాలిని చాచే కండరాలు పనిచేస్తుంటే, పాదాన్ని నిలబెట్టే పట్టీతో చాలామంది నడుస్తారు. కాబట్టి ఆ ఒక్క నాడి పోవడం కూడా కాలు తీయడానికి చాలదు. ముందు వైపు నాడి, కండరాలు కూడా పోయినప్పుడు, గడ్డ చర్మాన్ని చీల్చి పుండుగా మారినప్పుడు, ఎముకనూ కలుపుకున్నప్పుడు, అదే చోట మళ్లీ మళ్లీ తిరగబెట్టినప్పుడు లెక్క మారుతుంది. స్పర్శ లేక, కదలక, ఎప్పుడూ చీము కారే కాలి కన్నా మంచి కృత్రిమ కాలు మెరుగు.

ఎక్కడ తీస్తారన్నదే అన్నిటికన్నా పెద్ద తేడా. మోకాలి కింద తీస్తే నడక చాలావరకు తిరిగొస్తుంది. మోకాలి పైన తీస్తే నడకకు ఎక్కువ శక్తి కావాలి. తుంటి దగ్గర తీస్తే కృత్రిమ కాలితో నడవడం కష్టం, చాలామంది ఊతకర్రల మీదే నడుస్తారు. లేని కాలిలో నొప్పి కూడా నిజమైన నొప్పే. దానికి మందులున్నాయి, తెగిన నాడుల చివరలను పక్క కండరాల నాడులకు కలిపే పద్ధతీ ఉంది. ఆపరేషన్‌కు ముందే దీని గురించి మాట్లాడుకోవాలి.

పిల్లల విషయంలో మరొక దారి ఉంది. తొడలో గడ్డ ఉన్న భాగాన్ని తీసేసి, కింది కాలిని 180 డిగ్రీలు తిప్పి పైకి అతికితే చీలమండ మోకాలిలా పనిచేస్తుంది. నాళాలను కోసి తిరిగి కలపవచ్చు కనుక అవి చిక్కుకున్నా ఫర్వాలేదు, సయాటిక్ నాడి మాత్రం మిగలాలి. చూడటానికి వింతగా ఉంటుందని చాలా కుటుంబాలు వెనకాడతాయి. ఆ కాలితో పరుగెత్తే పిల్లలున్నారు. అలా చేయించుకున్న పిల్లలనో, వారి తల్లిదండ్రులనో కలిసి మాట్లాడాకే వద్దనండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

వయసులో ఉండి, నడక మీద ఆధారపడే పని చేసేవారు, నాడి బాగుంటే, ముందు రేడియేషన్, తర్వాత ఒలవడం లేదా గ్రాఫ్ట్ అన్న దారిలో గట్టిగా నిలబడవచ్చు. కోలుకోవడానికి నెలలు పడుతుందనీ, మరో ఆపరేషన్ కావలసి రావచ్చనీ మాత్రం ముందే తెలిసి ఉండాలి.

వయసు మళ్లి, గుండెజబ్బు ఉండి, కాలి ధమనులు ముందే పూడుకుపోయి ఉన్నవారికి గంటల తరబడి సాగే నాళ మార్పిడి భారం కావచ్చు. వారికి నాలుగు దారుల్లో చిన్నదేదో, ఒక్క ఆపరేషన్‌తో తేలేదేదో అడగడంలో తప్పేమీ లేదు.

ఊపిరితిత్తులకు ఇప్పటికే పాకినవారు, మిగిలిన సమయంలో ఎంత భాగం ఆసుపత్రి మంచం మీద గడుస్తుందో లెక్కవేసుకోవాలి. ఊపిరితిత్తుల్లోని మచ్చలు కొద్దిగానే ఉండి తీయదగినవైతే కాలికి పూర్తి వైద్యమే చేయిస్తారు. అలా కానప్పుడు, రక్తం కారే పుండును వదిలించుకోవడానికి చేసే ఆంప్యుటేషన్ కూడా కొందరికి పెద్ద ఉపశమనం.

చేతి గడ్డలకు లెక్క ఇంకొంచెం వేరు. స్పర్శ ఉండి, కొన్ని వేళ్లు పట్టు పట్టగలిగితే చాలు, ఆ చెయ్యి కృత్రిమ చేతి కన్నా మేలు. అందుకే చేతి విషయంలో నిలుపుకొనే ప్రయత్నం మరింత దూరం వెళ్లాలి.

ఇక, సార్కోమా అని తెలియకుండానే ఎక్కడో మామూలు గడ్డ అనుకుని తీసేసినవారి సంగతి. గాయం మానింది కదా అని ఊరుకోకండి. అలా తీసినచోట తరచుగా గడ్డ మిగిలే ఉంటుంది, అప్పుడు చేసిన కోత, రక్తం చేరిన చోటు అంతా మళ్లీ తీయాల్సిన ప్రాంతంలోకి వస్తుంది. మొదటి ఆపరేషన్‌కు ముందు తీసిన స్కానులు, ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన కాగితం, గడ్డ ముక్కలను పొదిగి ప్రయోగశాలలో దాచిన మైనపు బిళ్లలు, వాటి నుంచి చేసిన గాజు పలకలు అడిగి తీసుకోండి. సార్కోమా బృందం దగ్గరికి వెళ్లేటప్పుడు వాటిని చేతిలో పట్టుకువెళితే, మొదటి రోజే అసలు మాట మొదలుపెట్టవచ్చు.